మునిగిపోయినవాళ్ల బొమ్మలెక్కడ?

ఫిల్మ్‌నగర్‌లో సినిమా మొదలవ్వాలంటే కథ కంటే ముందు ముహూర్తం కుదరాలి. టైటిల్‌లో న్యూమరాలజీ కోసం ఒక అక్షరం పెరగాలి. ‘ఆ కాంబినేషన్‌కి తిరుగులేదు’, ‘ఆ నెల మనకి కలిసిరాదు’, ‘చివర్లో హీరో చనిపోతే జనం చూడరు’... జూబ్లీహిల్స్ ఆఫీసుల నుంచి కృష్ణానగర్ టీ కొట్ల దాకా ఈ సూత్రాలు అందరికీ కంఠస్థం. ‘ఎలా తెలుసు?’ అని అడిగి చూడండి. ఒకటే జవాబు: ‘ఇండస్ట్రీలో అంతే!’

ఇలాంటి జవాబులతోనే 2,400 ఏళ్ల కిందట ఏథెన్స్‌లో ఒక పెద్దాయనకి పేచీ వచ్చింది. ఆయన సోక్రటీస్. ఆయన కంటే జ్ఞాని ఎవరూ లేరని డెల్ఫీ గుడిలో దేవవాణి చెప్పిందట. ఆయనకి నమ్మబుద్ధి కాలేదు. సరే, తేల్చుకుందామని ఊళ్లో తెలివైనవాళ్లుగా పేరున్న అందరి దగ్గరికీ వెళ్లి ప్రశ్నలడిగాడు. కవుల దగ్గర తమాషా జరిగింది. వాళ్లు రాసినవి అద్భుతమే. కానీ అవి ఎందుకంత బాగున్నాయో వాళ్ల కంటే పక్కన నిలబడ్డవాళ్లే బాగా చెప్పగలిగారు! పైగా కవిత్వం బాగా రాస్తున్నాం కాబట్టి మిగతా విషయాలూ మాకే తెలుసన్న ధీమా ఒకటి. ప్లేటో రాసిన ‘అపాలజీ’లో ఈ సంగతంతా ఉంది. సక్సెస్ మీట్లు చూసేవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. హిట్ తీయడం ఒక విద్య. అది ఎందుకు హిట్టయిందో తెలియడం వేరే విద్య.

మరో గ్రీకు ఆలోచనాపరుడు డయాగరస్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. దీన్ని రోమన్ రచయిత సిసిరో చెప్పాడు. దేవుళ్లని నమ్మని డయాగరస్‌ని ఒక మిత్రుడు గుడికి తీసుకెళ్లాడు. తుఫానులో మొక్కుకుని ప్రాణాలతో ఒడ్డున పడ్డవాళ్లు పెట్టించిన బొమ్మలు గోడల నిండా ఉన్నాయి. ‘ఇంతమంది బతికారు, ఇంకా నమ్మవా?’ అన్నాడు మిత్రుడు. డయాగరస్ అడిగాడు: ‘మరి మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ల బొమ్మలెక్కడ?’

మన నమ్మకాలన్నీ ఆ గుడి గోడలే. హిట్ సినిమా ముహూర్తం ఫొటో అందరికీ గుర్తుంటుంది. ఫ్లాపయిన సినిమాకీ అదే పంతులుగారు, అదే కొబ్బరికాయ, అంతే మంచి ఘడియ. ఆ ఫొటో మాత్రం ఎవరూ పటం కట్టించరు. హీరో చనిపోతే ఆడదన్న సూత్రమూ అంతే. ‘దేవదాసు’ (1953), ‘మరో చరిత్ర’ (1978) ఏ లెక్కలోకి వస్తాయో చెప్పరు.

‘సరదా నమ్మకాలే కదా, ఎవరికేం నష్టం?’ అనొచ్చు. నష్టం ఉంది. ‘ఐరన్ లెగ్’ అనే మాట తీసుకోండి. కొత్త హీరోయిన్‌కి రెండు సినిమాలు పోతే చాలు, ముద్ర పడిపోతుంది. 2011లో ‘అనగనగా ఓ ధీరుడు’, ‘ఓ మై ఫ్రెండ్’ ఆడనప్పుడు శ్రుతి హాసన్‌నీ ఆ మాట అన్నారు. 2012లో ‘గబ్బర్ సింగ్’ వచ్చింది. ఒక్క శుక్రవారంతో అదే కాలు గోల్డెన్ లెగ్ అయిపోయింది! సోక్రటీస్ ఉంటే ఏమడిగేవాడు?

‘సినిమా పోయింది ఆ అమ్మాయి కాలు వల్లేనా?’

‘అవును.’

‘కథ రాసింది ఆమేనా?’

‘కాదు.’

‘డైరెక్షన్? రిలీజ్ డేట్?’

‘అవీ కాదు.’

‘అదే సినిమాలో హీరోకీ రెండు కాళ్లున్నాయిగా, వాటి సంగతేంటి?’

ఇక్కడ జవాబు ఆగిపోతుంది.

అలాగని పాత మాటలన్నీ తప్పని కాదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకీ ఒక సూత్రం ఉంది: శుక్రవారం రిలీజ్ పెట్టుకోకు. సినిమావాళ్లది సరిగ్గా రివర్స్, శుక్రవారమే రిలీజ్. రెండిటినీ ‘ఎందుకు?’ అని అడగండి. మాకు శనివారం బగ్ వస్తే సరిచేయడానికి మనుషులుండరు. వాళ్లకి శని, ఆదివారాలే జనం ఖాళీగా ఉండేది. కారణం దొరికింది, సూత్రం నిలబడింది. ప్రశ్నకి తట్టుకున్న నమ్మకం ఇంకా గట్టిపడుతుంది.

ఇంకో జాగ్రత్త. ప్రశ్న రెండువైపులా పదునే. స్టార్ లేకపోయినా ‘శంకరాభరణం’ (1980) చరిత్ర సృష్టించింది. 2004లో ‘శంకర్ దాదా ఎంబీబీఎస్’ వచ్చిన రోజే విడుదలై కూడా శేఖర్ కమ్ముల ‘ఆనంద్’ నిలబడింది. కాబట్టి ‘కంటెంటే కింగ్, స్టార్లతో పనిలేదు’ అంటారు కొందరు. బాగానే ఉంది. మరి మంచి కథతో వచ్చి, థియేటర్లు దొరక్క వారంలో మాయమైన చిన్న సినిమాల బొమ్మలెక్కడ? పాత సూత్రం తీసేసి, దాని ఎదురు సూత్రాన్ని అంతే గుడ్డిగా తగిలించుకుంటే ఒరిగేదేమీ లేదు.

ప్రశ్నలడిగినందుకు ఏథెన్స్ సోక్రటీస్‌ని క్షమించలేదు. దేవుళ్లని నమ్మడని, కుర్రాళ్లని చెడగొడుతున్నాడని నేరం మోపి, క్రీస్తుపూర్వం 399లో 70 ఏళ్ల వయసులో విషం తాగించింది. మన దగ్గర అంత ప్రమాదం లేదు. మహా అయితే ‘నెగెటివ్ మాటలొద్దు’ అంటారు.

ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టండి, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కలిసిరాదని ఒక అమ్మాయి పేరు లిస్టులోంచి కొట్టేసేటప్పుడు మాత్రం ఒక్కసారి ఆగి అడగండి: ‘ఎలా తెలుసు?’