ట్యాంకు పక్కనే ఉన్నా నీళ్లందని మెషిన్

విశాఖ స్టీల్ ప్లాంటు పంపు హౌస్‌లో పనిచేసి రిటైరయ్యాక కూర్మన్నపాలెంలో ఇరుగుపొరుగు నాకు ఇంకో ఉద్యోగం అప్పజెప్పారు. జీతం లేదు, టీ ఉంటుంది. "అంకుల్ గారూ, మా వాషింగ్ మెషిన్‌లోకి నీళ్లెక్కడం లేదు, ఒక్కసారి వచ్చి చూస్తారా?" అని పిలుపొస్తుంది. వెళ్తాను గానీ ముందు మెషిన్ ముట్టుకోను. డాబా మీదికెళ్లి ట్యాంకు ఎంత ఎత్తున ఉందో చూస్తాను.

నీటికి పది మీటర్ల ఎత్తు ఉంటే సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. చాలా మెషిన్లు కనీసం 0.3 నుంచి 0.5 బార్ కోరతాయి. అంటే ట్యాంకులోని నీటిమట్టం మెషిన్ కుళాయి కంటే మూడు నుంచి ఐదు మీటర్లు పైన ఉండాలి. మా గాజువాక వైపు మేడల్లో సింటెక్స్ ట్యాంకుని శ్లాబు మీద చిన్న ఇటుకల దిమ్మ కట్టి కూర్చోబెడతారు. పై వాటాలో కుళాయికీ ట్యాంకు అడుగుకీ మధ్య రెండు మీటర్లుంటే గొప్ప. బక్కెట్ నిండుతోంది కదా, నీళ్లు బాగానే వస్తున్నాయనుకుంటారు ఇంట్లోవాళ్లు. కానీ మెషిన్ లోపలి ఇన్‌లెట్ వాల్వు తీరు వేరు. కరెంటు అందగానే కాయిల్ ఒక సన్నటి రంధ్రాన్ని మాత్రమే తెరుస్తుంది. దాని మీదున్న రబ్బరు పొరను లేపాల్సింది నీటి ఒత్తిడే. ఒత్తిడి చాలకపోతే పొర సగం లేచి ఆగుతుంది, నీళ్లు సన్నగా కారతాయి. మెషిన్ కొంతసేపు ఎదురుచూసి పని ఆపేస్తుంది. అప్పుడు ఎల్‌జీ మెషిన్‌లో 'ఐఈ' అనీ, శాంసంగ్‌లో '4సీ' లేదా '4ఈ' అనీ కనిపిస్తుంది. ఆ మెషిన్‌నే కింది వాటాకి దించితే ఏ పేచీ పెట్టదు.

పొద్దున్న బాగా నడిచి మధ్యాహ్నానికి మొరాయించే మెషిన్ ఉంటే అనుమానమే అక్కర్లేదు. నిండు ట్యాంకుకీ అడుగంటిన ట్యాంకుకీ మధ్య ఒక మీటరు దాకా తేడా ఉంటుంది. పై వాటాలో ఆ మీటరే చాలా ఎక్కువ. ఇందుకు మెషిన్ సర్క్యూట్ బోర్డు మార్పించుకున్నవాళ్లని చూశాను, డబ్బు దండగ.

మందు రెండు రకాలు. ట్యాంకు నుంచి మెషిన్‌కి వచ్చే లైన్లో చిన్న బూస్టర్ పంపు పెట్టించుకోవచ్చు. దాన్ని మున్సిపల్ కుళాయికి నేరుగా మాత్రం తగిలించకూడదు. లేదా ట్యాంకు స్టాండు ఎత్తు పెంచొచ్చు. అయితే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గాలి చూసిన ఊరిది. స్టాండుని శ్లాబులోకి బోల్టులతో బిగించనివాళ్లకి నేను ఆ సలహా ఇవ్వను.

ఎత్తు బాగానే ఉన్నా నీళ్లు రావట్లేదంటే గొట్టం విప్పి, దాని కొసని పది లీటర్ల బక్కెట్లో పెట్టి కుళాయి తిప్పండి. రెండు నిమిషాలు దాటినా నిండకపోతే తప్పు ఇంటి పైపుది. ధారగా నిండితే మెషిన్ వెనక గొట్టం బిగించే చోట ఉన్న ప్లాస్టిక్ జల్లెడ చూడండి. స్టీల్ ప్లాంటు కోసం ఏలేరు నీళ్లు దాదాపు 150 కిలోమీటర్లు కాలువలో నడిచి కణితి రిజర్వాయర్‌కి చేరతాయి. అంత దూరం వచ్చిన నీళ్లకి కూడా ఇంట్లో అడ్డం పడేది వేలి వెడల్పు జల్లెడే. ట్యాంకు కడిగించిన మర్నాడే ఇది పూడుకుపోతుంది, అడుగున కదిలిన మడ్డి అంతా అక్కడికే చేరుతుంది మరి. ప్లగ్గు తీసి, కుళాయి కట్టి, జల్లెడని ప్లయరుతో మెల్లగా లాగి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వైపు అయితే ఉప్పుగాలికి వాల్వు టెర్మినళ్లకి చిలుం పడుతుంది. అది మెకానిక్ పని.

స్విచ్ కట్టేసినా నీళ్లు ఎక్కుతూనే ఉన్నాయా? వాల్వు పొర కింద ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. స్విచ్ కట్టగానే ఆగితే వాల్వు మంచిదే, నీటిమట్టం కొలిచే సన్న గొట్టమో సెన్సారో తప్పుతోంది.

ఇక నీళ్లు పోకపోవడం. ఫ్రంట్ లోడ్‌లో కింద మూలన చిన్న తలుపు, దాని వెనక ఫిల్టరు ఉంటాయి. మా వీధిలో ఆ ఫిల్టర్లలో దొరికేవి చూస్తే ఎవరు ప్లాంటులో ఏ షాపులో పనిచేస్తారో చెప్పేయొచ్చు: నట్లు, వాషర్లు, వెల్డింగ్ రాడ్డు ముక్క. డ్యూటీ ప్యాంటు జేబులు తడమకుండా వేసేస్తారు. వేడి నీళ్లలో ఉతికితే చల్లారాకే తెరవండి, కింద పళ్లెం పెట్టి మూతని కొంచెం కొంచెంగా తిప్పండి. లోపలి పంపు రెక్కని వేలితో కదిపితే ఆగి ఆగి తిరుగుతుంది. అందులో అయస్కాంతం ఉంటుంది కాబట్టి అది చెడిపోయినట్టు కాదు. పంపు గుర్రుమంటూ నీళ్లు కదలకపోతే ఏదో ఇరుక్కుంది. అసలు చప్పుడే లేకపోతే కరెంటు అందట్లేదు, లేదా పంపు కాలిపోయింది. చేత్తో ఉతికే పొడి వేస్తే నురగ పొంగి కూడా పంపు చేతులెత్తేస్తుంది.

గొట్టం ఎత్తు దగ్గర రెండు రకాల మెషిన్లకీ లెక్క తిరగబడుతుంది. ఫ్రంట్ లోడ్ గొట్టం కొస నేల మీద పడేస్తే ఎక్కిన నీళ్లు ఎక్కినట్టే జారిపోతాయి, మెషిన్ నింపుతూనే ఉంటుంది. కొసని రెండు మూడు అడుగుల ఎత్తున కట్టాలి. మన ఇళ్లల్లో ఎక్కువగా ఉండే టాప్ లోడ్‌కి చాలా మోడళ్లలో పంపే ఉండదు. అడుగున వాల్వు తెరుచుకుంటే నీళ్లు పల్లానికి పోతాయి, అంతే. దాని గొట్టాన్ని బాత్రూం గడప ఎక్కించి అవతల పడేస్తే చివరి నీళ్లు తొట్టిలోనే నిలిచిపోయి, బట్టలు పిండకుండానే మెషిన్ ఆగిపోతుంది. మొన్న పక్కింటి అమ్మాయి కొత్త మెషిన్ బాగోలేదని వెనక్కి పంపేయబోతోంది. గడప కింద గోడకి చిన్న కన్నం పెట్టించి గొట్టం అటునుంచి తీయించాను. టీతో పాటు పకోడీలు కూడా వచ్చాయి.