నీలిరంగు వెనుక సుబ్బారావు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు మాట వినబడడం కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో తెలుగు జిల్లాల నుండి వచ్చి స్థిరపడినవారి మనుమలు, మునిమనుమలు నేటికీ ఇక్కడ ఉన్నారు. అటువంటి ఒక ఇంటి అమ్మాయి జీవరసాయన శాస్త్రంలో పరిశోధన ముగించి, ఉద్యోగపు దరఖాస్తుతో ఇటీవల మా వద్దకు వచ్చింది. ప్రచురించిన వ్యాసాలెన్ని, వాటిని ఇతర శాస్త్రజ్ఞులు తమ వ్యాసాలలో ఎన్నిసార్లు ఉదహరించారు, హెచ్-సూచిక ఎంత అన్న మూడు గడుల వద్ద ఆమె ఆగిపోయింది. ఆమె కుదిర్చిన ఒక చిన్న పరీక్షా విధానాన్ని పొరుగు ప్రయోగశాలలు రెండు నిత్యం వాడుకుంటున్నాయట. ఉదహరించినవారు మాత్రం లేరు. "బాబాయిగారూ, అయితే నేను చేసిన పని లెక్కలోకి రానట్లేనా?" అని అడిగింది.

మేము బాయిలర్ల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన వారమే గాని జీవరసాయన శాస్త్రజ్ఞులము కాము. అయినా ఆ ప్రశ్న వినగానే మాకు ఒక నీలిరంగు గుర్తుకు వచ్చింది.

బాయిలర్ డ్రమ్ములోని నీటిలో గార కట్టకుండా ఫాస్ఫేటు కలుపుతారు. అది ఎంత మిగిలి ఉన్నదో చూడడానికి మా ప్రయోగశాలలో నీటి నమూనాకు ఆమ్లంతో కూడిన మాలిబ్డేటును, తరువాత అమినోనాఫ్తాల్ సల్ఫానిక్ ఆమ్లాన్ని చేర్చేవారు. నీరు నీలమయ్యేది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫేటు అంత ఎక్కువ. ఆ అంకెను ప్రతి షిఫ్టులోనూ లాగ్‌షీటులో చూచి సంతకం చేశాము. ఈ పద్ధతి భీమవరంలో జన్మించిన ఒక తెలుగువాని పేరుతో ముడిపడి ఉన్నదని మాకు చాలా ఏండ్లు తెలియదు. లాగ్‌షీటులో ఉదహరింపులకు గడి ఉండదు కదా!

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించిన పాపానికి పూర్తి పట్టానికి బదులు ఎల్.ఎం.ఎస్. దక్కింది. 1923లో అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. ఫాస్ఫరసును రంగు ద్వారా కొలిచే వారి పద్ధతి 1925లో 'జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ' 66వ సంపుటంలో వెలువడింది. ఫిస్కే పేరు ముందు, సుబ్బారావు పేరు వెనుక.

అసలు రుచి ఇక్కడ ఉన్నది. కండర ద్రవాన్ని ఈ పద్ధతితో పరీక్షించినపుడు నీలిరంగు వెంటనే రాలేదు, మెల్లమెల్లగా చిక్కబడసాగింది. పద్ధతి తప్పని పక్కన పెట్టవలసిన సందర్భమది. వారు ఆ ఆలస్యాన్నే ప్రశ్నించారు. సులభంగా విడిపోయే ఫాస్ఫరసు సమ్మేళనం ఏదో కండరంలో ఉండి తీరాలని ఊహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. లాక్టిక్ ఆమ్లమే కండర శక్తికి మూలమన్న ఆనాటి సిద్ధాంతానికి, 1922 నోబెల్ బహుమతి అందుకున్న సిద్ధాంతానికి, ఇది పెద్ద దెబ్బ. 1929లో ఎ.టి.పి.ని కూడా ఫిస్కే, సుబ్బారావులు గుర్తించారు; అదే ఏడు జర్మనీలో లోమాన్ స్వతంత్రంగా కనుగొన్నారు.

యూజీన్ గార్‌ఫీల్డ్ ఉదహరింపుల సూచికను 1964లో వెలువరించేనాటికి సుబ్బారావు మరణించి 16 ఏండ్లు గడిచాయి. ఆ లెక్కలలో 1925 నాటి వ్యాసం వేల ఉదహరింపులతో ప్రపంచంలో అత్యధికంగా ఉదహరింపబడిన వ్యాసాల సరసన నిలిచింది. ఎ.టి.పి. మాటో? నేడు పాఠశాల విద్యార్థికి కూడా ఆ పేరు తెలుసు. అందువల్లనే దానిని ఎవరు కనుగొన్నారో వ్రాయవలసిన అవసరం ఎవరికీ తోచదు. కొలత పద్ధతికి కీర్తి, కొలిచి కనుగొన్నదానికి మౌనం! మొట్టమొదటి స్థానంలో ఉన్నదీ ఒక కొలత పద్ధతే: ప్రోటీనులను కొలిచే లౌరీ 1951 వ్యాసానికి 2014 నాటికి మూడు లక్షలకు పైగా ఉదహరింపులు వచ్చాయి.

హెచ్-సూచిక మరీ విచిత్రమైనది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన ఈ కొలతలో, పదేసి ఉదహరింపులైనా గల వ్యాసాలు పది ఉంటే సూచిక పది. వేల ఉదహరింపులు గల వ్యాసం ఒక్కటే ఉంటే సూచిక ఒకటే. బాయిలర్ సామర్థ్యాన్ని ఇటువంటి కొలతతో తేల్చమంటే మేము ఒప్పుకొని ఉండేవారము కాము.

1940లో సుబ్బారావు లెడర్లీ సంస్థలో చేరారు. ఫోలిక్ ఆమ్లపు నిర్మాణాన్ని, సంశ్లేషణను తెలిపిన 1946 వ్యాసంలో ఆయన 16 మంది రచయితలలో ఒకరు. ఆయన బృందం అందించిన అమినోప్టెరిన్‌తో రక్త క్యాన్సరు పిల్లలలో తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగిందని 1948లో ప్రకటించినవారు సిడ్నీ ఫార్బర్. ఆరియోమైసిన్ డగ్గర్ పేరుతో ప్రసిద్ధం. బోదకాలు నివారణకు మన దేశంలో ఊరూరా పంచే డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన నడిపిన పరిశోధనల ఫలమే. మాత్ర మింగినవారు ఎవరినీ ఉదహరించరు.

ఇదంతా విన్న తరువాత అమ్మాయి మూడు గడులూ ఉన్నది ఉన్నట్లే పూరించింది. తన విధానాన్ని వాడుకుంటున్న రెండు ప్రయోగశాలల పేర్లు 'ఇతర వివరాలు' అన్న చోట వ్రాయవచ్చునా అని అడిగింది. వ్రాయమన్నాము.