నీళ్లలో ఊరు... గోడ మీద పేరు!

వేల్స్ ఉత్తర భాగంలో, బాలా అనే చిన్న పట్టణానికి దగ్గర్లో, కొండల నడుమ లిన్ కెలిన్ అనే సరస్సు ఉంది. చూడ్డానికి ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. దాని అడుగున ఓ ఊరు ఉందంటే మాత్రం నమ్మబుద్ధి కాదు!

ఆ ఊరు కాపెల్ కెలిన్. పట్టుమని డజను ఇళ్లు, ఓ బడి, పోస్టాఫీసు, చర్చి, శ్మశానం... అంతే. అందరూ మాట్లాడుకునేది వెల్ష్ భాషలోనే.

1950ల్లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరానికి నీళ్లు కావలసి వచ్చాయి. అందుకోసం ట్రవెరిన్ నది మీద ఆనకట్ట కట్టాలని నగరపాలక సంస్థ నిర్ణయించింది. ఊరు మునిగిపోతుందని తెలిసి, 1956 నవంబరులో గ్రామస్థులు పిల్లాపాపలతో లివర్‌పూల్ వెళ్లి వీధుల్లో ఊరేగింపు తీశారు. వేల్స్ ఎంపీలు 36 మందిలో ఒక్కరూ అనుకూలంగా ఓటెయ్యలేదు. అయినా 1957లో పార్లమెంటు చట్టం చేసేసింది. 48 మంది ఇళ్లు పోగొట్టుకున్నారు. కొందరు తమవారి అవశేషాలను తవ్వి తీసుకెళ్లి వేరేచోట ఖననం చేసుకున్నారు. మిగిలిన సమాధుల మీద కాంక్రీటు పోశారు. 1965 అక్టోబరులో జరిగిన ప్రారంభోత్సవం నిరసనకారుల కేకల మధ్య కొద్ది నిమిషాల్లోనే ముగిసిపోయింది.

ఇప్పుడు అక్కడికి వెళ్తే ఏముంటుంది? సరస్సు ఒడ్డున ఊరి గుర్తుగా కట్టిన ప్రార్థనామందిరం, పాత శ్మశానం నుంచి తెచ్చిన సమాధి రాళ్లు కనిపిస్తాయి. వేసవిలో నీళ్లు తగ్గితే శ్రీశైలం జలాశయంలో సంగమేశ్వరాలయం బయటపడుతుంది కదా... అలాగే కరవు రోజుల్లో ఇక్కడ కూడా ఊరి శిథిలాలు పైకి తేలతాయి.

ఈ ఊరికి అన్నిటికంటే పేరు తెచ్చిన గుర్తు మాత్రం సరస్సు దగ్గర లేదు. పడమటి తీరాన, అబెరిస్ట్‌విత్ పట్టణానికి దక్షిణంగా రోడ్డు పక్కన ఓ పాత రాతిగోడ ఉంది. 1960ల్లో మీక్ స్టీఫెన్స్ అనే రచయిత దాని మీద వెల్ష్‌లో రెండే రెండు మాటలు రాశాడు. ‘ట్రవెరిన్‌ను గుర్తుంచుకోండి’ అని వాటి అర్థం. 2019లో ఎవరో ఆ గోడను కొంత కూలగొట్టారు. వెంటనే స్వచ్ఛందంగా జనమే వచ్చి రాళ్లు పేర్చి నిలబెట్టారు. అవే మాటలు వేల్స్ అంతటా మరెన్నో గోడలకు ఎక్కాయి.

లివర్‌పూల్ నగర పాలకులు 2005లో క్షమాపణ చెప్పారు. అప్పటికి ఊరు నీళ్లపాలై నలభై ఏళ్లు!