చేతికి తగ్గ గిటార్

మన తెలుగువాళ్ళకి ఒక అలవాటుంది. పిల్లలకి ఏది కొన్నా ఒక సైజు పెద్దదే కొంటాం. "ఎదిగే పిల్ల కదా, వచ్చే ఏడాదికి సరిపోతుంది" అంటాం. పరికిణీకి లోపల రెండు మడతలు కుట్టించి, ఏడాదికొక మడత విప్పుకుంటూ గడిపిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మరి! ఆ లెక్కతోనే మూడేళ్ళ క్రితం, తొమ్మిదేళ్ళ మా అమ్మాయికి పెద్దవాళ్ళు వాయించే గిటార్ కొన్నాను. పరికిణీ పొడవైతే మడిచి కుట్టొచ్చు. గిటార్‌ని మడవలేమని తెలుసుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

మేముండేది వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో. డల్లెస్ ఎయిర్‌పోర్టుకి పక్కనే కాబట్టి, పిల్ల ప్రాక్టీసు చేస్తుంటే పైన విమానాలు తంబురా శ్రుతి వేస్తుంటాయి. మొదటి రెండు నెలలూ ఉత్సాహంగానే సాగింది. తర్వాత సాకులు మొదలయ్యాయి. ఒకరోజు హోంవర్కు, ఒకరోజు కడుపునొప్పి, ఒకరోజు నిద్ర. ఓ సాయంత్రం నాకు కోపం వచ్చింది. "మా చిన్నప్పుడు హార్మోనియం ముట్టుకోనిస్తేనే గొప్ప. నీకు అన్నీ అమరుస్తుంటే విలువ తెలియడం లేదు" అని మన నాన్నలందరికీ కంఠతా వచ్చిన ఉపన్యాసం ఇచ్చాను. పిల్ల ఏమీ మాట్లాడలేదు. గిటార్ తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

అసలు సంగతి కనిపెట్టింది మా అమ్మ. ఆరు నెలలకని వచ్చింది. ఆషాఢం కదా అని, వెంట తెచ్చిన గోరింటాకు పొడి తడిపి మనవరాలి చేతికి పెడుతోంది. ఎడమ చెయ్యి వెనక్కి తిప్పగానే పిల్ల 'అబ్బా' అంది. మా అమ్మ పెళ్ళికి ముందు ఆరేళ్ళు వీణ నేర్చుకుంది. వేళ్ళ చివర తీగల గీతలు చూసి "ఇవి ఫరవాలేదు, కాయలు కాస్తాయి, పోతాయి" అంది. మణికట్టు దగ్గర నొక్కి చూసి మాత్రం నన్ను పిలిచింది. "ఇది తీగ కోసిన నొప్పి కాదురా, నరం లాగుతున్న నొప్పి. వాద్యం చేతికి సరిపోవాలి గానీ, చెయ్యి వాద్యానికి సరిపోవడమేమిటి?" అంది.

నేను ఊరుకున్నానా? ఊరుకోలేదు. పిల్ల పట్టుకునే తీరులోనే ఏదో తప్పుందనుకుని, ఎలా వాయించాలో నేనే నేర్చుకుని చూపిద్దామని దిగాను. పగలంతా తొమ్మిది గంటలు కీబోర్డు, రాత్రి ముప్పావుగంట గిటార్. పదో రోజు తెల్లవారుజామున కుడిచేతి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు చీమలు పాకినట్టు తిమ్మిరెక్కి మెలకువ వచ్చింది. వారం గడిచినా తగ్గలేదు. నేను కన్సల్టెంట్‌ని. నెలాఖరుకి కాంట్రాక్టు రెన్యూవల్. చేతులే నా జీవనాధారం. ఆ వారం నేను పడ్డ భయం ఇప్పటికీ మరిచిపోలేదు. అదే నొప్పిని మా పిల్ల నెలల తరబడి నోరు మెదపకుండా భరించిందన్న సంగతి అంతకంటే ఎక్కువ బాధపెట్టింది.

డాక్టరుకి చూపించుకుని, హ్యాండ్ థెరపిస్టు దగ్గరకి ఆరు వారాలు తిరిగి, ఆ తర్వాత గిటార్ల గురించి తెలుసుకున్న విషయాలే ఈ వ్యాసం. మీ ఇంట్లోనూ గిటార్ కొనమని పోరే పిల్లలుంటే, లేదా నలభై దాటాక సరదా పుట్టిన నాన్నలుంటే, మాకు పట్టినన్ని నెలలు మీకు పట్టకూడదని రాస్తున్నాను.

యుద్ధనౌకని ఒళ్ళో పెట్టాను

నేను కొన్న మోడల్‌ని 'డ్రెడ్‌నాట్' అంటారు. పెద్ద పొట్ట, బలమైన నాదం. ఆ పేరెలా వచ్చిందో తర్వాత చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 1906లో బ్రిటిష్ నౌకాదళం దించిన మహా యుద్ధనౌక పేరు డ్రెడ్‌నాట్. మార్టిన్ కంపెనీ 1916లో తయారుచేసిన భారీ గిటార్‌కి ఆ ఓడ పేరే పెట్టారు. అంటే నేను తొమ్మిదేళ్ళ పిల్ల ఒళ్ళో యుద్ధనౌకని పెట్టి, వాయించడం లేదేమని కేకలేశానన్నమాట! (ఆ కంపెనీ 1833లో మొదలైంది. పెన్సిల్వేనియాలోని నజరెత్‌లో వాళ్ళ మ్యూజియం ఉంది. మా ఊరి నుంచి నాలుగు గంటల లోపు ప్రయాణం. పిల్లలతో ఒకసారి వెళ్ళదగ్గ చోటు.)

పొట్ట పెద్దదైతే దాని మీదుగా చెయ్యి వెయ్యడానికి కుడి భుజం పైకి లేస్తుంది. తల ముందుకి వంగుతుంది. నొప్పి చేతిలో తెలిసినా చాలాసార్లు మొదలయ్యేది భుజంలోనే. చిన్న ఒళ్ళున్నవాళ్ళకి, పిల్లలకైనా ఆడవాళ్ళకైనా, నడుము సన్నగా ఉండే 'పార్లర్', 'కాన్సర్ట్' మోడళ్ళు హాయి.

మొదట పొడవు చూడండి

గిటార్ సైజు అంటే బయటికి కనిపించే పొడవు కాదు. పైన నట్ నుంచి కింద బ్రిడ్జి మీదున్న శాడిల్ దాకా తీగ మోగే భాగం పొడవు. దీన్ని స్కేల్ లెంగ్త్ అంటారు. పెద్దవాళ్ళ క్లాసికల్ గిటార్‌కి ఇది 650 మిల్లీమీటర్లు, సుమారు 25.6 అంగుళాలు. ముప్పాతిక సైజుకి సుమారు 580, అర సైజుకి 530 మిల్లీమీటర్లు. కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. మామూలుగా ఐదు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళకి అర సైజు, ఎనిమిది నుంచి పదకొండు దాకా ముప్పాతిక, ఆ తర్వాత పెద్దది అంటారు. కానీ వయసు కంటే ఎత్తు, చెయ్యి ముఖ్యం.

స్కేల్ తగ్గితే వేళ్ళు తక్కువ చాచాలి. అంతే కాదు, తీగ బిగువూ తగ్గుతుంది. ఇక్కడ నాలోని ఇంజినీరుకి కాస్త అవకాశం ఇవ్వండి. అదే తీగని అదే శ్రుతికి బిగించినప్పుడు, బిగువు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. 25.4 అంగుళాల డ్రెడ్‌నాట్ బదులు 23 అంగుళాల 'లిటిల్ మార్టిన్' తీసుకుంటే పొడవు తగ్గేది పదో వంతు కంటే తక్కువ. బిగువు మాత్రం దాదాపు 18 శాతం తగ్గుతుంది. ఎడ్ షీరన్ అంతటివాడు పెద్ద స్టేడియాల్లో చిన్న గిటార్ వాయించాడు. కాబట్టి "చిన్నది బొమ్మలా ఉంటుంది" అని పిల్లలు మూతి ముడిస్తే ఆయన పేరు చెప్పండి.

ఉక్కా, నైలానా?

ఒక మామూలు 'లైట్' ఉక్కు తీగల సెట్‌లో ఆరు తీగల బిగువు కలిపితే సుమారు 160 పౌన్లు. నైలాన్ తీగలకి అందులో సగం కంటే కొంచెం ఎక్కువ. వేలి చివర తేడా రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. అందుకే చిన్నపిల్లలకి నైలాన్ మేలు. దీనికీ ఒక చిక్కుంది. క్లాసికల్ గిటార్ నెక్ వెడల్పు. నట్ దగ్గర 52 మిల్లీమీటర్లు ఉంటుంది, ఉక్కు తీగల గిటార్‌కైతే 43, 44. ముప్పాతిక సైజులో ఈ వెడల్పు కొంత తగ్గుతుంది. ఇక ఆరేడేళ్ళ వాళ్ళకైతే నాలుగు నైలాన్ తీగల యుకులేలే ఇంకా సుఖం.

ఇంట్లో ఇప్పటికే ఉక్కు తీగల గిటార్ ఉంటే పారెయ్యకండి. 12 బదులు 10 గేజ్ 'ఎక్‌స్ట్రా లైట్' తీగలు వెయ్యండి. మరో చిట్కా: అన్ని తీగలూ అర స్వరం దించండి. బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. పాట శ్రుతి కావాలంటే మొదటి మెట్టు మీద కేపో బిగిస్తే సరి.

యాక్షన్ అంటే సినిమా కాదు

తీగకీ మెట్టుకీ మధ్య ఎత్తుని 'యాక్షన్' అంటారు. కొత్తవాళ్ళ చేతులు పాడుచేసేవాటిలో ఇది ముందుంటుంది. చాలామందికి తెలియనిదీ ఇదే. ఉక్కు తీగల గిటార్‌కి పన్నెండో మెట్టు దగ్గర లావు తీగ కింద రెండు, రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. నైలాన్‌కి నాలుగు దాకా ఉండొచ్చు. నేను కొన్నదానికి కొలిస్తే మూడున్నర! గిటార్లు బాగుచేసేవాళ్ళ దగ్గరకి తీసుకెళ్ళి 'సెటప్' చెయ్యమంటే నట్, శాడిల్ అరగదీసి, నెక్ వంపు సరిచేసి ఇస్తారు. డబ్బై, ఎనభై డాలర్లు అయింది. కొత్త గిటార్ కొనే ముందు ఆ ఖర్చు పెట్టి చూడండి.

మన వర్జీనియా వాతావరణం కూడా దీన్ని మారుస్తుంది. ఎండాకాలం ఉక్కపోతకి చెక్క ఉబ్బి తీగ లేస్తుంది. చలికాలం హీటర్ వేడికి ఎండి కుంగుతుంది, పగిలినా పగులుతుంది. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది.

కొట్లో పది నిమిషాలు

ఆన్‌లైన్‌లో కొనకుండా పిల్లని వెంట తీసుకెళ్ళండి. కుర్చీలో కూర్చోబెట్టి గిటార్ ఇవ్వండి. కుడి భుజం లేవకుండా చెయ్యి తీగల మీద వాలుతోందా? ఎడమ చెయ్యి మొదటి మెట్టుని అందుకున్నాక కూడా మోచెయ్యి కొంచెం వంగే ఉందా, లేక చాపుకుపోయిందా? మొదటి మెట్టు దగ్గర సన్నతీగని ఒక్క వేలితో నొక్కితే స్పష్టంగా మోగుతోందా? ఈ మూడిట్లో ఒక్కటి కాదన్నా అది మీ పిల్ల గిటార్ కాదు. రంగు బాగుందని, సేల్‌లో ఉందని కొనకండి. "సరిపోయిందా?" అని అడక్కండి, మన పిల్లలు మన మొహం చూసి సరిపోయిందంటారు. "ఎక్కడ లాగుతోంది?" అని అడగండి.

నొక్కడం తక్కువ, వినడం ఎక్కువ

థెరపిస్టు నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. తీగ మీద వేలు ఊరికే ఆనించి మీటండి, గరగరమంటుంది. కొంచెం కొంచెంగా ఒత్తిడి పెంచుకుంటూ మీటుతుంటే ఒకచోట నాదం తేటపడుతుంది. అక్కడ ఆగండి. అంతకుమించి పెట్టే బలమంతా వృథా. నేను దానికి రెట్టింపు బలం పెడుతున్నానని అప్పుడు తెలిసింది. వేలు రెండు మెట్ల మధ్య కాకుండా, మెట్టుకి ఆనుకుని వెనకగా పెడితే ఇంకా తేలిక.

మణికట్టు వీలైనంత నిటారుగా ఉండాలి. అందుకు నెక్ చివర భుజం ఎత్తుకి లేవాలి. ఎడమ కాలి కింద చిన్న పీట వేసుకున్నా, కూర్చున్నప్పుడూ స్ట్రాప్ తగిలించుకున్నా అది జరుగుతుంది. బొటనవేలు నెక్ వెనక ఆసరాగా ఉండాలి, పట్టకారులా బిగించకూడదు. మొదట్లోనే అన్ని తీగలనీ ఒక్క వేలితో అదిమే 'బారె' కార్డుల జోలికి పోవద్దు. గంట ఏకబిగిన కంటే, పదిహేను నిమిషాల చొప్పున మూడుసార్లు మేలు. నాలాంటి కీబోర్డు జీవులు పని ముగిసిన వెంటనే గిటార్ అందుకోకండి. మణికట్టుకి రెండూ కలిపే లెక్క. నా కుడిచేతి తిమ్మిరికి ఆ రెండూ కారణమే: పగలు బల్ల అంచు, రాత్రి గిటార్ మీద వంగిన మణికట్టు.

ఏ నొప్పికి ఆగాలి?

వేళ్ళ చివర మంట మూడు, నాలుగు వారాలుంటుంది. అది మామూలే. కాయలు కాశాక పోతుంది. వీణ వాయించేవాళ్ళు వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటారు గానీ, గిటార్‌కి ఆ పని చెయ్యకండి, తీగలు పాడవుతాయి.

మణికట్టులో, బొటనవేలి మొదట్లో, మోచేతిలో నొప్పి మాత్రం మామూలు కాదు. బొటనవేలు, చూపుడు, మధ్యవేలు తిమ్మిరెక్కితే మణికట్టు దగ్గరి నరం, చిటికెన వేలు తిమ్మిరెక్కితే చాలావరకు మోచేతి దగ్గరి నరం నలుగుతున్నట్టు. రాత్రి మెలకువ తెప్పించే తిమ్మిరికి డాక్టరే దిక్కు. 'పట్టుదలతో వాయిస్తే అదే పోతుంది' అనుకోవద్దు. మా పక్కనున్న బాల్టిమోర్‌లో పీబాడీ సంగీత విద్యాలయంలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పిన మహా పియానిస్టు లియాన్ ఫ్లైషర్‌కి 1960లలో, ముప్ఫై ఆరేళ్ళ వయసులో, కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోవడం మొదలైంది. మళ్ళీ రెండు చేతులతో కచేరీలు చెయ్యడానికి 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. అది అరుదైన జబ్బే. కానీ చెయ్యి చెప్పేది వినాలని ఆయన కథ గుర్తుచేస్తుంది.

మనవాళ్ళకి కొత్త కాదు

వాద్యాన్ని చేతికి తగ్గట్టు మార్చుకోవడం మనకి తెలియనిదేం కాదు. పడమటి దేశాలవాళ్ళు గడ్డం కింద పెట్టుకునే వయొలిన్‌ని మన విద్వాంసులు బాసిపట్టు వేసుకుని, పాదం మీద ఆనించుకుని, ఎడమచెయ్యి గమకానికి స్వేచ్ఛగా కదిలేలా మార్చుకున్నారు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ నాలుగు జంట తీగల మాండలిన్‌ని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌గా చేసుకుని, దాని మీద కర్ణాటక సంగీతాన్ని పలికించారు. 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయారు గానీ, చిన్న వాద్యమంటే చిన్నచూపు చూడకూడదని ప్రపంచానికి చూపించి వెళ్ళారు. "ఆయనేమీ పెద్ద గిటార్ కోసం ఆగలేదు కదా" అని మా అమ్మ నన్ను దెప్పిపొడుస్తూనే ఉంటుంది.

ఆ ఆగస్టులో మా అమ్మాయికి ముప్పాతిక సైజు నైలాన్ గిటార్ వచ్చింది. దానికంటే ముందు నేను క్షమాపణ చెప్పాను. "నొప్పి అని ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే, "చెప్తే గిటార్ తీసేస్తావనుకున్నా నాన్నా" అంది. మానెయ్యడానికి వెతికిన సాకులు కావవి, మానెయ్యకుండా ఉండటానికి వెతికినవి. వాయించడం ఇష్టం లేదని నేననుకున్న పిల్ల మాట అది.

ఇప్పుడు దానికి పన్నెండేళ్ళు. యుద్ధనౌక గోడకి వేలాడుతోంది. కిందటి నెల తనే దింపి, కుర్చీలో కూర్చుని, భుజం చూసుకుంది, మోచెయ్యి చూసుకుంది, మొదటి మెట్టు నొక్కి చూసింది. "ఇంకొక్క ఏడాది" అని తిరిగి తగిలించేసింది. చిన్న గిటార్ మీద సాయంత్రాలు నేనూ వాయిస్తుంటాను. పదిహేను నిమిషాలకి వంటింటి టైమర్ మోగుతుంది. అది పెట్టేది మా అమ్మాయే. "చాలు నాన్నా, చెయ్యి తీసెయ్" అంటుంది. తీసేస్తాను.