గురి చూచువాడు, దారి చూచువాడు

అమెరికాదేశమున ఇల్లినాయి రాష్ట్రమందలి స్పార్టా అను చిన్నపట్టణమున ఏటేట ఆగస్టుమాసమున గొప్ప తుపాకిగురి పోటీ జరుగును. దానికి గ్రాండు అమెరికన్ అని పేరు. అట్టి పోటీలకు స్వంత చిన్నవిమానమును తామే నడుపుకొని పోవువారు ఆ దేశమున కలరు. ఇది ధనికుల వినోదముగదా, మనకేల యని పాఠకులు కొందరు పుట త్రిప్పవచ్చును. అట్లు చేయవలదని మా మనవి. వకీళ్లకును ఉద్యోగులకును పనికివచ్చు సంగతి యిందొకటి కలదు.

ఈ పోటీ 1893లో ప్రాణమున్న పావురములను కాల్చుటతో ఆరంభమైనది. 1900లో యంత్రముచే విసరబడు బిళ్లలు వచ్చెను. వానిని నేటికిని మట్టిపావురములే యందురు. నిజమునకు సున్నపురాతిపొడియు కీలును కలిపి పోసినవి. 1924 మొదలు 2005 వరకు పోటీ ఒహాయో రాష్ట్రమున వాండేలియాలో, డేటన్ విమానాశ్రయము ప్రక్కనే జరిగినది. డేటన్ రైటు సోదరులు నివసించిన ఊరు. విమానాశ్రయమునకు స్థలము కావలసివచ్చినందున గురికాండ్రు ఎనుబదియేండ్ల తమ నెలవును విడిచి, 2006లో స్పార్టా చేరిరి. అచ్చట వెనుక బొగ్గు త్రవ్వి విడిచిన నేలపై మూడున్నర మైళ్ల పొడవున 120 గురివేదికలు అమర్చబడినవి. విమానము తరిమిన పోటీకి విమానమెక్కియే పోవలసివచ్చుట విధివిలాసము!

డేటనునుండి స్పార్టాకు తిన్నని దారిని ఇంచుమించు 320 మైళ్లు. 1956లో వెలువడిన సెస్నా 172 వంటి విమానమునకు రెండున్నర గంటల పయనము. చూచుటకు సులభమే, కాని లెక్కలు చాల గలవు. అందు నాలుగు ఆసనములున్నను, నలుగురు పెద్దవారిని, నిండు ఇంధనమును, సామానును ఒక్కసారిగ మోయజాలదు. సామాను అరకు 120 పౌనులు హద్దు. 250 తూటాల పెట్టెయొకటే పాతిక పౌనులవరకు తూగును. వేసవియెండకు గాలి పలుచబడి రెక్కలకు పట్టు తగ్గును. నేల విడుచుటకు ఎక్కువ దూరము పరుగిడవలసియుండును. గమ్యము చేరిన పిదపకూడ పగలైనచో అర్ధగంటకు, రాత్రియైనచో ముప్పావుగంటకు చాలు ఇంధనము మిగులునట్లు బయలుదేరవలెనని అచ్చటి శాసనము.

ఈ లెక్కలన్నియు కాగితముమీద తేలును. కాగితముమీద తేలనిది మనస్సు. ఆగస్టు మధ్యాహ్నములందు ఆ మైదానములపై ఉరుముమబ్బులు లేచును. రేపు ప్రొద్దున తనవంతు, రుసుము చెల్లించినాడు, స్నేహితులు ఎదురుచూచుచున్నారు. ఇట్టివేళ మబ్బు పలుచగ కన్పట్టును, దూరము దగ్గరగ తోచును. 1999 జూలై 16వ తేదీ రాత్రి, అధ్యక్షుడు కెనడీ కుమారుడు భార్యను, ఆమె సోదరిని ఎక్కించుకొని బంధువుల వివాహమునకు తన విమానమున బయలుదేరెను. సముద్రముపై మంచుమసకలో దిగంతము కానరాక దిక్కుతోచని స్థితిలో విమానము అదుపు తప్పెననియు, ముగ్గురును మరణించిరనియు విచారణాధికారులు తేల్చిరి. పెండ్లి మరునాటిది. ఒక రాత్రి ఆగినచో ఏమి నష్టము?

పైశాసనము విమానము నడుపువానినే తుదినిర్ణయమునకు కర్తగను బాధ్యునిగను చేసినది. ఈ అధికారము గొప్పది. కాని దానిని వాడుకొనుటకు సిగ్గుపడువారే పెక్కుమంది. మా వకీళ్లలో వాయిదా కోరుటకు సిగ్గుపడినవానిని మేమింతవరకు చూడలేదు! కక్షిదారులు దీనికై మమ్ము తిట్టుటయు న్యాయమే. కాని ఆకాశమును వాయిదా అడిగినవాడు మాత్రము నిందార్హుడు కాడు. అచ్చట గడువుకై పంతముపట్టినవానికి అప్పీలు లేదు.

ఆ పోటీలోని ముఖ్యపందెమున ఒక నియమము కలదు. నేర్పు పెరిగినకొలది మనుష్యుని వెనుకకు జరుపుదురు. మేటివాడు 27 గజముల దూరమునుండి కాల్చవలెను. మైదానమున ఈ నియమమును నిర్వాహకులు విధింతురు. ఆకాశమున విధించువారు లేరు. అనుభవము పెరిగినకొలది అపాయమునకు మరికొంత ఎడముగ నిలువవలెనని ఎవనికి వాడే విధించుకొనవలెను. రెండురోజులు ఆలస్యముగ స్పార్టా చేరి, తన వంతు పోగొట్టుకొని, ప్రేక్షకులలో కూర్చున్నవాని పేరు పత్రికలలో పడదు. అయినను అతడు తన కార్యమును సరిగనే నెరవేర్చినాడని మా యభిప్రాయము.