తొట్టిలోని తాబేలు, చెరువులోని తాబేలు



ఎరువులు, విత్తనములు, పాడిపశువులు మున్నగు విషయములను గూర్చి యీ పత్రికయందు వ్రాయుట పరిపాటి. ఈ మాసమున చిన్నజీవి యగు తాబేలును గూర్చి వ్రాయుచున్నాము. ఇది పిల్లల వినోదమునకు సంబంధించిన ముచ్చటయే కదా యని తలంపవలదు. దీనియందు చట్టము గలదు, ఆరోగ్యము గలదు, పదుగురి సొత్తైన చెరువు సంగతియు గలదు.

కొన్ని దినముల క్రిందట తడ ప్రాంతపు సభ్యు లొకరు మాకడకు వచ్చి యొక సలహా యడిగిరి. మూడేండ్లనాడు వారు చెన్నపట్టణమునకు బోయినపుడు, బిడ్డల ముచ్చట దీర్చుటకై రంగుచేపల అంగడిలో నొక పచ్చని తాబేటిపిల్లను గొనిరి. అప్పుడది రూపాయి బిళ్లకంటె కొంచెము పెద్దది. గాజుగిన్నెలో నిమిడిపోయినది. ఇంట నుంచుకొన్న అదృష్టము కలిసివచ్చునని అంగడివాడు చెప్పెనట. ఇప్పుడది అరచేతిని మించి పెరిగినది. గిన్నె చాలదు, నీరు రెండుదినములకే కంపుకొట్టుచున్నది, పిల్లలకు మోజు తీరినది. “అయ్యా, ఊరి చెరువులో విడిచెదను. దాని బ్రతు కది బ్రతుకును, నాకును పుణ్యము దక్కును” అని వారనిరి. మేము వలదంటిమి. ఏల వలదంటిమో, మఱి యేమి చేయవలెనో, ఎల్లరకు నుపయోగపడునని యిచ్చట విన్నవించుచున్నాము.

ఏ తాబేలో ముందుగా గుర్తింపవలెను

మన చెరువులలోను, వరిమడులలోను, కాలువలలోను గానవచ్చు నాటుతాబేలునకు డొప్పపై పలుచని తోలు గప్పియుండును. కాళ్లు లోనికి ముడుచుకొన్నపుడు క్రిందిభాగమున తోలుఱెప్పలు మూసికొనును. శాస్త్రజ్ఞులు దీనిని లిస్సెమిస్ పంక్టాటా యందురు. పసుపుపచ్చని చుక్కలు, చారలు గల నక్షత్రతాబేలు మెట్టనేలది. శ్రీకాకుళము చెంత శ్రీకూర్మక్షేత్రమున భక్తులు చూచునది యిదియే. దానిని నీళ్లతొట్టిలో వేసినచో మునిగి చచ్చును. కాళ్లు తెడ్లవలె నుండునది సముద్రపు తాబేలు. ఆలివ్ రిడ్లీ యను జాతి శీతకాలము వెనుక మన తీరపు టిసుకలో గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలను బాలురు మంచినీటి బకెట్లలో వేసి యిండ్లకు తెచ్చుట వానిని జంపుటయే.

ఈ మూడును వన్యప్రాణి సంరక్షణచట్టపు మొదటి షెడ్యూలులో నున్నవి. ఈ చట్టము 1972వ సంవత్సరమున పుట్టినది. 2022లో సవరింపబడి 2023 ఏప్రిలు 1వ తేదినుండి సవరణ అమలునకు వచ్చినది. ఈ షెడ్యూలులోని జీవిని పట్టినను, ఇంట నుంచుకొన్నను, అమ్మినను మూడేండ్లకు తక్కువగాక యేడేండ్లవరకు చెఱయు, 25,000 రూపాయలకు తక్కువగాని జుల్మానాయు విధింపవచ్చును. ముచ్చటకై చెరువునుండి తెచ్చితినన్న మాట న్యాయస్థానమున నిలువదు.

నూతిలో తాబేలును విడిచిన నీరు తేటగా నుండునని మన పెద్దలు కొన్నియూళ్లలో నమ్మిరి. అది పురుగును, నాచును తినుట నిజమే; కాని దాని మలము త్రాగునీటనే కలియును. నిట్టనిలువు గోడల నూతినుండి యది పైకి రాలేదు, ఎండ కాచుకొనలేదు, గ్రుడ్లు పెట్టలేదు. ఈ యాచారమును మానుట యిరువురకును మేలు.

చెరువులోని తాబేలు రైతునకు పాలివాడు

నాటుతాబేలు నత్తలను, చచ్చిన చేపలను, కుళ్లిన మాంసమును తిని నీటిని శుభ్రపఱచును. పశువుల కాలేయమునకు పట్టు జలగరోగము నత్తలమూలముననే వ్యాపించునని పశువైద్యులు చెప్పుదురు. నత్తలను దినువానిని పట్టి తొట్టిలో వేయుట మన కూలివానిని మనమే తఱిమివేయుట వంటిది. మన తావున చెరువులు నిండునది ఈశాన్యఋతుపవనపు వానలకు, అనగా అక్టోబరు మొదలు డిసెంబరువరకు. వేసవిలో చెరువు లెండునపుడు ఈ తాబేలు బురదలో దూరి వానలవఱకు కదలక పడియుండును. కావున పూడిక తీయునపుడు పారకు తగిలిన తాబేలును ఇంటికి గొనిపోక, చెరువులోనే తడిగల యొకమూలను మట్టికప్పి విడువవలెను.

మఱి అంగడి తాబేలు?

మన సభ్యులు గొన్నది యీ దేశపుది కాదు. కన్నుల వెనుక ఎఱ్ఱని చార గలిగియుండుటచే దానికి ఎఱ్ఱచెవి తాబేలని పేరు. అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతము దాని పుట్టినిల్లు. నాటుజంతువులతోపాటు మొదటి షెడ్యూలులో చేరినది కాదు. అట్లని చెరువులో విడువదగినదియు గాదు.

ఇది తిండికిని, ఎండ కాచుకొను తావునకును నాటుతాబేళ్లతో పోటీపడును. రోగములను తెచ్చి యంటింపగలదు. చేపపిల్లలను, నీటిమొక్కలను దినును. ప్రపంచమున మిక్కిలి కీడుచేయు నూరు పరదేశజాతుల పట్టిక 2000వ సంవత్సరమున వెలువడినప్పుడు అందు దీనిపేరు చేర్చబడినది. ఐరోపా సమాజమువారు 1997లోనే దీని దిగుమతిని నిషేధించిరి. మనదేశమునను కేరళపు కాలువలలో, గౌహతిలోని ఉగ్రతార దేవళపు కోనేట నివి కానబడినవి. ఎవరో యొకరు పుణ్యమునకో, విసుగుచేతనో విడిచినవే యవి. చెరువులోనికి చేరిన పిదప వెదకి తీయుట యెవరితరము?

తమిళ సోదరులు మన పొరుగువారు. తాబేలు చొచ్చిన యిల్లును, అమీనా చొచ్చిన యిల్లును బాగుపడవని వారిలో నొక సామెత గలదు. ఆ తాబేలే నే డదృష్టమిచ్చునని యమ్ముడగుచున్నది. రెండును నమ్మదగినవి కావు. అయినను ఒక పోలిక నిజము. ఈ తాబేలు వడ్డివ్యాపారి యప్పువంటిది: తెచ్చుకొన్ననాడు చిన్నది, ఏండ్లు గడచినకొలది పెద్దది. ఆడుది 10, 12 అంగుళములవరకు పెరుగును. బాగుగా సాకినచో 20, 30 ఏండ్లు బ్రతుకును. నేడు దానితో నాడుకొను పిల్లవాడు తానే తండ్రియగువఱకు దాని నెవరు సాకుదురో కొనకమునుపే యోచింపవలెను. కొననివారు కొనకుండుటయే మా మొదటి సలహా.

ఇంట నున్నదానిని సాకు విధము

తొట్టి. గాజుగిన్నె పనికిరాదు. డొప్ప పొడవున అంగుళమొకటికి సుమారు 40 లీటర్ల నీరు వలయును. ఆరంగుళముల తాబేటికి 240 లీటర్లన్నమాట. పాతబడిన కుడితితొట్టి గాని, సిమెంటుతొట్టి గాని చాలును. నీటిలోతు డొప్పపొడవునకు రెండింతలుండిన, వెల్లకిలపడినను తిరుగబడి లేవగలదు. అంచు ఎత్తుగా నుండవలెను. ఎక్కి పాఱిపోవుట దానికి సులభము. కాకులు, కుక్కలు రాకుండ తడికె గప్పవలెను.

ఎండ. నీటినుండి యెక్కివచ్చి పూర్తిగా ఆఱుటకు వాలుగా నొక రాయియో, ఇటుకల గట్టో వలయును. సూర్యరశ్మి నేరుగా తగులవలెను. గాజు తలుపుల గుండా వచ్చు వెలుతురు చాలదు. ఎండ లేనిచో ఎముకయు డొప్పయు మెత్తబడును. అయితే తొట్టిలో సగము నీడయుండుట తప్పనిసరి. 24 మొదలు 28 డిగ్రీల నీటి వేడి దానికి హితము. రోహిణికార్తె యెండలో చిన్నతొట్టి నీరు కాగి తాబేలు చచ్చును. అప్పుడు చెట్టుక్రిందికి జరుపుడు.

తిండి. పిల్లదానికి దినమునకొకమారు, పెరిగినదానికి రెండుదినముల కొకమారు పెట్టిన చాలును. తల యెంతయో అంత మోతాదు. నీటిలోనే పెట్టవలెను, గట్టున నిది మ్రింగలేదు. పిల్లప్రాయమున వానపాములు, నత్తలు, చిన్నచేపలు. పెరిగినకొలది ఆకుకూరలు, నీటిమొక్కలు హెచ్చింపవలెను. అంగడి గుళికలు కొంత వాడవచ్చును. ఎండురొయ్యలే పెట్టుట, అన్నము, రొట్టె, పాలు పెట్టుట తప్పు. మన తీరమున కొట్టుకొనివచ్చు సముద్రఫేనమును కడిగి తొట్టిలో వేసిన కొఱికి తినును. డొప్పకు సున్నము చేకూరును.

నీరు. మూడు నాలుగు దినముల కొకమారు సగము నీరు మార్చి, వారమునకొకమారు తొట్టిని తోమవలెను. కుళాయినీరైన నొకదినము నిలువయుంచి వాడుడు. తీసిన నీటిని వంటింటిచెంత పోయక కొబ్బరిచెట్ల మొదట పోయుడు, ఎరువునకు ఎరువు.

ఆరోగ్యము. చూపునకు జబ్బులేని తాబేటి యందును సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండవచ్చును. దానిచే పిల్లలకు వాంతులు, విరేచనములు, జ్వరము గలుగును. ఈ కారణముననే అమెరికాలో నాలుగంగుళములకు తక్కువ తాబేళ్ల యమ్మకమును 1975లో నిషేధించిరి. తాకినపుడెల్ల సబ్బుతో చేతులు కడుగవలెను. అయిదేండ్లలోపు పిల్లలను తాకనీయరాదు. కన్నులు వాచుట, ముక్కున బుడగలు వచ్చుట, ఒకవైపునకు ఒరిగి యీదుట, డొప్ప మెత్తబడుట రోగచిహ్నములు. ఇంటివైద్యము చేయక పశువైద్యుని జూపుడు. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయ మున్నది.

సాకలేనివారు

సాకజాలనిచో సాకగల మఱియొక యింటి కిచ్చుడు. అట్టివారు దొరకకున్న అటవీశాఖవారి నడిగి వారు చెప్పినట్లు నడచుకొనుడు. చెరువు, కాలువ, నూయి, పులికాటు సరస్సు, దేవళపు కోనేరు — వీనిలో నేదియు వదలుటకు తావు కాదు.

ఆ సభ్యులు మా మాట విని యింటికిబోయి, పగిలిన కుడితితొట్టికి సిమెంటు పూయించి, వేపచెట్టు చెంత నుంచిరి. కుమారు డిప్పుడు ప్రతిదినము ఆకుకూర త్రుంచి వేయుచున్నాడట. మొన్న కనబడినపుడు వారు నవ్వుచు, “బిడ్డ ముచ్చటపడెనని తెచ్చితిని, ఇక ముప్పదియేండ్లు ఇంటివానివలె చూడవలసినదే” అనిరి. ఆ మాటయే మాకు చాలును.

సహకారమనగా అప్పు తీసికొనుట, తీర్చుట మాత్రమే కాదు. ఊరి చెరువున నీ వాటా నెట్లు కాపాడుకొందువో పొరుగువాని వాటాను నట్లే కాపాడుట సహకారము. ఇంటి తాబేలు ఇంటనే, చెరువు తాబేలు చెరువుననే యుండనిండు. ఈ మాటను మీ పిల్లలకు గూడ చదివి వినిపింప ప్రార్థన.