గ్యాస్ ఎక్కడికీ పోలేదు

పెనుగొండ నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. డబుల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఐస్‌క్రీమ్ రాయిలా ఉంది, కింద పెట్టిన పాలు మాత్రం పొద్దున్నకి విరిగిపోతున్నాయి. మెకానిక్ వచ్చి చూసి గ్యాస్ అయిపోయింది, ఎక్కించాలి అన్నాడు. నిజమేనా? విడిభాగం తెచ్చుకుని ఇంట్లోనే మార్చుకునే వీలుందా? ప్రశ్న చిన్నదే. దాని జవాబులో మాత్రం పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లండ్ ఆచార్యుడు, సముద్రయానం కోసం గడియారం చేసిన వడ్రంగి, కొలబద్దకు చవక లోహం వెతుకుతూ నోబెల్ బహుమతి అందుకున్న భౌతికశాస్త్రవేత్త ముగ్గురూ ఉన్నారు. ముందే తేల్చి చెప్పాలంటే, ఆమె చెప్పిన లక్షణాలకు గ్యాస్‌ని అనుమానించడం దాదాపు ఎప్పుడూ తప్పే. దోషి నీళ్లు. మంచుగా గడ్డకట్టే ఆ నీళ్లను ఎప్పటికప్పుడు కరిగించి బయటికి పంపాల్సిన చిన్న భాగం ఒకటి పనిచేయడం మానేసి ఉంటుంది.

మూలసూత్రం రెండు ముక్కల్లో చెప్పుకుందాం. కంప్రెసర్ గ్యాస్‌ని నొక్కుతుంది, అది బయటి కాయిల్‌లో వేడి వదిలి ద్రవమవుతుంది, సన్నటి కేపిలరీ గొట్టం దాటి లోపలి కాయిల్‌లో మళ్లీ ఆవిరవుతూ అక్కడి వేడిని పీల్చుకుంటుంది. తిరిగి కంప్రెసర్‌కే చేరుతుంది. ఈ దారి మొదటి నుంచి చివరిదాకా సీలు చేసి ఉంటుంది. వంట సిలిండర్‌లోని గ్యాస్ మండి ఖర్చవుతుంది, ఫ్రిజ్‌లో గ్యాస్ తిరుగుతుందే తప్ప ఖర్చు కాదు. గొట్టానికి చిల్లు పడితే తప్ప ఇరవై ఏళ్లకైనా అది అంతే ఉంటుంది. కాబట్టి ‘అయిపోయింది’ అన్నవాళ్లు చిల్లు ఎక్కడుందో కూడా చూపించాలి. చిల్లు వెతక్కుండా, పూడ్చకుండా గ్యాస్ మాత్రం ఎక్కించి వెళితే రోగ నిర్ణయం అయినా తప్పయి ఉండాలి, వైద్యమైనా.

ఇప్పుడు నీళ్ల సంగతి. పెనుగొండ చుట్టూ కాలువలు, నీళ్లు నిలిచిన వరిచేలు, చేపల చెరువులు. సముద్రమూ మరీ దూరం కాదు. వానాకాలంలో 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకు సుమారు 25 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర గాలి మోయగలిగేది ఒక్క గ్రామే. మిగిలిన 24 గ్రాములూ ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. ఫ్రిజ్‌లో అన్నిటికంటే చల్లనిది లోపలి కాయిల్ కనుక చివరికి అక్కడికే చేరి నూగులాంటి మంచవుతాయి. 250 లీటర్ల ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ సగం గాలి మారిందనుకుంటే మూడు గ్రాముల నీళ్లు లోపలికి వచ్చినట్టు. రోజుకు ముప్ఫైసార్లు తీస్తే తొంభై గ్రాములు. మూత పెట్టని పులుసు, తడి ఆరని ఆకుకూర ఇచ్చేది దీనికి అదనం. రాయలసీమలో దాదాపు ఇదే పేరుతో పెనుకొండ ఉంది. అక్కడ ఎండాకాలం మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉందనుకుంటే ఘనపు మీటరుకు ఆవిరి పది గ్రాములే. వేడి అక్కడే ఎక్కువైనా, ఫ్రిజ్‌లో మంచు పేరుకునేది ఇక్కడే ఎక్కువ. అయినా రెండు ఊళ్లలోనూ దుకాణంవాళ్లు అమ్మేది ఒకే మోడల్. ఒకే యంత్రం రెండు చోట్లా ఎలా సరిపోతోందన్నదే అసలు చూడాల్సిన విషయం.

కాయిల్ మీద మంచు పేరుకుంటే నష్టం రెండు విధాలు. కొత్తగా పట్టిన మంచులో గాలి ఇరుక్కుని ఉంటుంది కనుక వేడిని సరిగా పోనివ్వదు, అల్యూమినియం రెక్కలకు దుప్పటి కప్పినంత పని చేస్తుంది. అంతకంటే పెద్ద నష్టం, రెక్కల మధ్య సందులు పూడిపోవడం. ఇలాంటి డబుల్ డోర్, అంటే ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్‌లో లోపలి కాయిల్ సాధారణంగా ఒక్కటే, అదీ ఫ్రీజర్ వెనక పలక చాటున. దాని మీదుగా ఫ్యాన్ లాగిన గాలే ఫ్రీజర్‌లోకి, అందులో కొంత చిన్న దారి గుండా కింది అరల్లోకి వెళ్తుంది. సందులు పూడుకుపోగానే ముందుగా నష్టపోయేది కింది అర. గడ్డకట్టిన కాయిల్‌ని ఆనుకుని ఉన్న ఫ్రీజర్ మరికొన్నాళ్లు బాగానే కనిపిస్తుంది. పైన ఐస్‌క్రీమ్ గట్టిగా, కింద పాలు విరగడం అంటే ఇదే.

దీనికి విరుగుడుగా కాయిల్ అడుగున ఒక హీటర్ పెట్టారు. చల్లబరిచే యంత్రం కడుపులో హీటరేమిటని నవ్వేవాళ్లున్నారు గానీ అది లేకపోతే ఫ్రాస్ట్‌ఫ్రీ లేదు. కంప్రెసర్ కొన్ని గంటలు నడిచాక టైమర్ దాన్ని ఆపి, ఫ్యాన్‌నీ ఆపి, ఇరవై నిమిషాలో కాస్త ఎక్కువో హీటర్‌కి కరెంటిస్తుంది. చిక్కంతా ఆపడంలో ఉంది. మైనస్ 25 డిగ్రీల్లో ఉన్న వంద గ్రాముల మంచును నీరు చేయడానికి సుమారు 39 వేల జౌళ్లు కావాలి. 180 వాట్ల హీటర్ నాలుగు నిమిషాల్లోపే ఆ వేడి ఇవ్వగలదు. కాయిల్ లోహం, చుట్టూ ఉన్న గాలి తాగేది కలిపినా ఒకచోట ఇరవై నిమిషాలూ కావాల్సి రావచ్చు, మరోచోట అవి మరీ ఎక్కువ. పెనుకొండ ఎండల్లో అంతసేపూ వెలిగితే మంచు కరిగిపోయాక ఆ వేడంతా ఫ్రీజర్‌లో సామాన్ల మీదికే పోతుంది. పెనుగొండ ముసురులో ముందే ఆపితే మంచు మిగిలి, పూటపూటా పేరుకుంటుంది. అంటే మంచు అయిపోయిందో లేదో ఎవరో చూసి చెప్పాలి. కళ్లు లేని యంత్రానికి ఆ చూపు ఎలా వచ్చింది?

దీనికి జవాబు కావాలంటే ముందు చెప్పిన స్కాట్లండ్ ఆచార్యుడు జోసెఫ్ బ్లాక్ దగ్గరికి వెళ్లాలి. 1760ల ప్రారంభంలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఈయన పాఠం చెప్పేనాటికి పండితుల నమ్మకం ఒకటుండేది. మంచు కరిగే స్థాయికి వేడెక్కాక మరికాస్త వేడి తగిలితే చాలు, మొత్తం ఒక్కసారిగా నీరైపోతుందని. బ్లాక్ దాన్ని తిప్పికొట్టాడు. అదే నిజమైతే వేసవి మొదట్లో ఒక వెచ్చటి రోజున కొండల మీది మంచంతా ఒక్క దెబ్బన కరిగి కింది ఊళ్లను ముంచెత్తాలి కదా అన్నాడు. గోదావరికి మంచునీళ్లు రావు గానీ గంగకు వస్తాయి. అక్కడా అలా జరగదు, నెలల తరబడి మెల్లగా కరుగుతుంది. కారణం, గ్రాము మంచు నీరవడానికి 334 జౌళ్ల వేడిని మింగుతుంది, మింగుతున్నంతసేపూ ఉష్ణోగ్రత సున్నా దాటదు. దీన్నే గుప్తోష్ణం అన్నారు. ఇప్పుడు కాయిల్ వైపు చూడండి. హీటర్ వెలుగుతున్నా, చుట్టూ మంచున్నంతకాలం కాయిల్ సున్నా దగ్గరే కదలకుండా ఉంటుంది. చివరి పలుకు కరగగానే పట్టు వదిలి పైకి లేస్తుంది. అంటే కాయిల్ పది డిగ్రీలు దాటిందంటే అక్కడ మంచు మిగల్లేదనే అర్థం. మంచును చూడక్కర్లేదు, వేడిని చూస్తే చాలు. బ్లాక్ పాఠానికి ఇంతకంటే చక్కటి ఉపయోగం నాకు మరొకటి తోచదు.

ఆ వేడిని చూసేది మన మెకానిక్కులు బైమెటల్ అని పిలిచే బిళ్ల. వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహాల్ని కలిపి అతికిస్తే వేడికి వంగుతాయి. ఈ ఉపాయాన్ని గడియారంలో పెట్టినవాడు జాన్ హారిసన్, వృత్తికి వడ్రంగి. సముద్రం మీద రేఖాంశం కొలవడానికి పందొమ్మిదేళ్లు శ్రమపడి చేసిన మూడో గడియారంలో, వేడికీ చలికీ నడక తప్పకుండా ఉక్కు, ఇత్తడి కలిపిన పట్టీ వాడాడు. ఆ గడియారం అనుకున్నంత కచ్చితంగా నడవలేదు, పేరు తెచ్చింది దాని తర్వాతి చిన్న గడియారం. పట్టీ మాత్రం మిగిలింది. 1896లో షార్ల్ ఎడ్వార్ గియోమ్, ప్రమాణ మీటరు కడ్డీలకు ప్లాటినం కంటే చవకైన లోహం వెతుకుతూ, 36 శాతం నికెల్ కలిపిన ఇనుము వేడికి దాదాపు సాగదని కనిపెట్టాడు. అదే ఇన్వార్. 1920 భౌతికశాస్త్ర నోబెల్ ఆయనకే వచ్చింది. సాగని ఇన్వార్ ఒకవైపు, బాగా సాగే ఇత్తడిలాంటి లోహం మరోవైపు ఉంటే పట్టీకి ఇక తిరుగులేదు.

అయినా లెక్క చూస్తే ఆశ్చర్యమే. సెంటీమీటరు వెడల్పు బిళ్లలో పదిహేను డిగ్రీల తేడాకు రెండు లోహాల వ్యాకోచంలో వచ్చే తేడా మూడు మైక్రాన్ల లోపే, అంటే తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఇంత చిన్న కదలికతో హీటర్‌కి వెళ్లే 230 వోల్టుల కరెంటుని తెంచాలి. మెల్లగా తెంచితే నిప్పురవ్వలు లేచి కాంటాక్టులు కాలిపోతాయి. అందుకే బిళ్లను చదునుగా కాక కాస్త ఉబ్బెత్తుగా చేస్తారు. నూనె డబ్బా అడుగు నొక్కితే కాసేపు మొండికేసి, ఒక్కసారి టక్కుమని రెండోవైపుకి పడుతుందే, అలా. బిగువంతా లోపలే దాచుకుని, హద్దు దాటగానే ఒక్క క్షణంలో తిరగబడుతుంది. తిరిగి యథాస్థితికి రావడానికి అదే హద్దు చాలదు, ఇంకా కిందికి చల్లబడాలి. ఎక్కువ ఫ్రిజ్‌లలో ఇది సుమారు పది, పదమూడు డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది, మైనస్ ఐదు ప్రాంతంలో మూసుకుంటుంది. ఈ ఎడం లోపం కాదు, వరం. ఎడమే లేకపోతే హీటర్ ఆ ఇరవై నిమిషాలూ ఆరుతూ వెలుగుతూ ఉండేది.

సరిగ్గా ఈ ఎడం దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. బైమెటల్ విప్పి టేబుల్ మీద పెట్టి మల్టీమీటర్ పట్టి, కంటిన్యుటీ లేదు కాబట్టి పాడైందంటారు. గది వేడిలో అది తెరుచుకునే ఉండాలి! కంటిన్యుటీ ఉంటేనే అతుక్కుపోయినట్టు. దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, ఉప్పు కలిపిన ఐసుముక్కల్లో పావుగంట ఉంచి అప్పుడు కొలవాలి. ఇంకో ఘోరం, బైమెటల్ తీసేసి రెండు వైర్లూ కలిపి చుట్టేయడం. అప్పటికి మంచు కరుగుతుంది, ఫ్రిజ్ బాగైనట్టే ఉంటుంది. ఆ తర్వాత హీటర్‌ని ఆపేది టైమరొక్కటే, ప్రమాదం ముంచుకొస్తే అడ్డుపడేది వరుసలో ఉన్న, ఒక్కసారి తెగితే మళ్లీ పనికిరాని థర్మల్ ఫ్యూజ్. అదీ తెగాక దాన్నీ వైరుతో కలిపేస్తే, లోపలి ప్లాస్టిక్‌కి నిప్పు దాకా వచ్చినట్టే.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. గ్యాస్ ఎక్కించాక మా ఫ్రిజ్ నిజంగానే బాగైంది కదా అంటారు. బాగవుతుంది. కారణం గ్యాస్ కాదు. ఆ పనికి ఫ్రిజ్‌ని గంటల తరబడి, ఒక్కోసారి రాత్రంతా, తలుపులు తీసి ఆపి ఉంచుతారు. ఆలోగా కాయిల్ మీది మంచు దానంతటదే కరిగిపోతుంది. వారానికో పది రోజులకో కథ మళ్లీ మొదటికొస్తుంది, ఈసారి లీకేజీ అంటారు. ఇదే విషయాన్ని పైసా ఖర్చు లేకుండా పరీక్షగా వాడుకోవచ్చు. ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్లగ్ పీకి, తలుపులు తీసి ఒక రోజంతా వదిలేయండి. తిరిగి పెట్టాక కింది అర కూడా చక్కగా చల్లబడి, కొన్నాళ్లకు మళ్లీ చెడితే మంచు కరిగించే వ్యవస్థ పనిచేయడం లేదన్నమాట, లేదా తలుపు రబ్బరు పట్టు తప్పి తేమ చొరబడుతోందన్నమాట. విశ్రాంతి ఇస్తే చిల్లు పూడదు, కారిన గ్యాస్ తిరిగి రాదు. ఆపి పెట్టిన తర్వాత కూడా కింద చల్లదనం లేకపోతే ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడాలి.

గ్యాస్ ఎప్పుడూ కారదా అంటే కారుతుంది, ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇనుప గొట్టాలు తుప్పు పడతాయి. అప్పుడు గుర్తులు వేరు. కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది, పైనా కిందా రెండూ వెచ్చబడతాయి, కాయిల్‌లో గ్యాస్ ప్రవేశించే మొదటి వంపుల మీదే మంచు పట్టి మిగతాది బోసిగా ఉంటుంది. ఆ పని మాత్రం ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. నేటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్, వంటగ్యాస్ కుటుంబానికి చెందినదే. పరిమాణం యాభై గ్రాముల ప్రాంతమే అయినా, గాలిలో 1.8 శాతం దాటితే అంటుకుంటుంది. వంటగది మొత్తానికి పరుచుకుంటే ఆ మోతాదు రాదు గానీ తలుపు వేసిన ఫ్రిజ్ లోపలికి తేలిగ్గా వస్తుంది. ఇందుకే ఫ్రీజర్‌లో ఐసుని కత్తితో పొడవొద్దనేది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడే కాయిల్, హీటర్ లేదు, మంచు కరిగించే బాధ్యత థర్మోస్టాట్ మధ్యనున్న బటన్ నొక్కే మనిషిదే. అది మరిచి కత్తి పడితే, లేని గ్యాస్ సమస్య నిజంగానే వస్తుంది.

కరెంటు వస్తువుని ఇంట్లో విప్పడమేమిటన్నది మరో అభ్యంతరం. జాగ్రత్త అవసరమే. ప్లగ్ పీకి, చేతులు తడి లేకుండా, ఏ వైరు ఎక్కడిదో ఫొటో తీసుకుని మొదలుపెట్టాలి. ఇన్వర్టర్ బోర్డు జోలికి పోకూడదు, ప్లగ్ పీకాక కూడా దాని కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. కానీ బైమెటల్, థర్మల్ ఫ్యూజ్ మార్చడం కాలింగ్ బెల్ స్విచ్ మార్చినదాని కంటే మరీ కష్టం కాదు, ఖర్చు వందల్లోనే. హీటర్ బతికుంటే మీటరు 300 ఓమ్‌ల అటూ ఇటూ చూపిస్తుంది. కొత్త బైమెటల్ మీద అచ్చయిన డిగ్రీలు పాతదాంతో సరిపోవాలి, పాతది బిగించిన చోటే, గొట్టాన్ని గట్టిగా పట్టుకుని ఉండేలా బిగించాలి. గాలిలో వేలాడితే అది చూసేది గాలి వేడినే, కాయిల్ అడుగున మంచుండగానే తెంచేస్తుంది. హీటర్‌కి మాత్రం వాట్లు సరిపోయాయని దొరికింది పెట్టకూడదు. ఐసోబ్యూటేన్ ఫ్రిజ్‌లలో గ్యాస్ అంటుకునేంత పైవేడి రాకుండా చేసిన హీటరే వాడాలి. కొత్త మోడళ్లలో బైమెటల్ బదులు సెన్సర్, టైమర్ బదులు బోర్డు వచ్చాయి. వచ్చినా అవి చూసేది బ్లాక్ చెప్పిన ఆ సున్నా పట్టునే.

మిగిలిన ఇంటి పనుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తలుపు రబ్బరు గోరువెచ్చని నీళ్లతో తుడవడం, డ్రెయిన్ రంధ్రంలో మట్టి తీయడం, వెనక కాయిల్ ఉంటే దుమ్ము దులపడం ఎవరైనా చేయగలరు. నా ఫిర్యాదల్లా తయారీదారుల మీద. ఒకప్పుడు ఫ్రిజ్ వెనక వైరింగ్ బొమ్మ అతికించి ఇచ్చేవారు. ఇప్పుడు బైమెటల్ ఎన్ని డిగ్రీలదో తెలుసుకోవాలంటే దాన్ని విప్పి చూడాల్సిందే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో వేసిన మరమ్మతు హక్కు కమిటీ గృహోపకరణాల్నీ తన పరిధిలోకి తీసుకుంది, అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ కూడా తెరిచారు. సర్వీస్ సెంటర్ నంబర్లు, వారంటీ షరతులు ఒకచోట పెట్టడం మంచిదే, అది మాత్రం చాలదు. ప్రతి ఫ్రిజ్ తలుపు లోపల వైరింగ్ బొమ్మ, విడిభాగాల నంబర్లు, బైమెటల్ డిగ్రీలు తెలుగులో అచ్చేసి ఇవ్వాలని అడగాలి. అది వచ్చేదాకా పాఠకులకు చెప్పేది ఒక్కటే. చిల్లు చూపించనివాళ్లకు గ్యాస్ డబ్బులు ఇవ్వకండి.